పోలెండ్ సెంబ్రిక్ గారి గొంతు కోసం నేషనల్ జూక్‌బాక్స్‌లో నెల రోజులు: నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది డబ్బులు పెట్టి కొన్న వస్తువు రివ్యూ కాదు, పైసా ఖర్చు లేని ఒక వెబ్‌సైట్ రివ్యూ. పేరు నేషనల్ జూక్‌బాక్స్, అమెరికా వాళ్ళ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నడుపుతోంది. వందేళ్ళు దాటిన గ్రామఫోన్ ప్లేట్లని శుభ్రం చేసి, రికార్డు చేసి, ఎవరైనా వినేలా పెట్టారు. లాగిన్ లేదు, కార్డు నంబర్ అడగదు, ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి ప్లే నొక్కితే పాట వస్తుంది, అంతే. నేను నెల రోజుల నుంచి రోజూ రాత్రి అన్నాలయ్యాక ఒక గంట దాని మీదే ఉన్నా, అదీ ఒక్క మనిషి కోసం. మార్సెల్లా సెంబ్రిక్ అని పోలెండ్ గాయని, 1858లో పుట్టారు, 1935లో పోయారు. ఆవిడ గొంతు ఇలా చేతికందుతుందని తెలియక నేను ముందు డబ్బులు తగలేసుకున్నాను, ఇంకెవరూ తగలేసుకోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నా.

ఆ డబ్బుల కథ చెప్తాను. ఆన్‌లైన్‌లో ఒక చోట (పేరు వద్దులెండి) పాత ఒపేరా (పాటలతోనే నడిచే పాశ్చాత్య నాటకం) సీడీలు అమ్ముతున్నారని చూసి సెంబ్రిక్ సీడీ ఒకటి తెప్పించాను, కొరియర్‌తో కలిపి బాగానే అయింది. పెట్టి వింటే ఏదో తేడాగా ఉంది, గొంతు సన్నగా, చిన్నపిల్ల పాడినట్టు, బృగాలు (గబగబా దొర్లే స్వరాలు) మరీ పరుగులు పెడుతున్నట్టు. నేను కర్ణాటక సంగీతం చిన్నప్పుడు ఏడేళ్ళు నేర్చుకున్నా, పెద్ద విద్వత్తేమీ లేదు గానీ శ్రుతి మాత్రం చెవికి పట్టేస్తుంది, అది పోదు కదా. వెంటనే ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టి చూశాను, పాట ఉండాల్సిన శ్రుతి కన్నా అర స్వరం పైన ఉంది. అప్పుడు చదివితే తెలిసింది అసలు సంగతి. ఆ రోజుల ప్లేట్లని మనం ఇప్పుడు 78 ఆర్‌పీఎమ్ (నిమిషానికి 78 చుట్లు) అని అంటాం గానీ అన్నీ కచ్చితంగా 78 స్పీడులో చేసినవి కావు, కొన్ని 75, కొన్ని 80, కంపెనీని బట్టి ఆ రోజు మిషన్‌ని బట్టి మారేది. స్పీడు ఆరు శాతం పెరిగితే చాలు అర స్వరం పైకి పోతుంది, కాలప్రమాణమూ పెరుగుతుంది, గొంతు స్వభావమే మారిపోతుంది. ఆ సీడీ చేసినవాళ్ళు అదేమీ చూసుకోకుండా తిప్పేశారు. పాడిన మనిషి బతికి లేనప్పుడు శ్రుతి తప్పు మన మీద పడాలి గానీ ఆవిడ మీద పడకూడదు కదా, నాకు నిజంగా బాధేసింది, ఎందుకంటే సెంబ్రిక్ గురించి చదివిన ప్రతి చోటా మొదట చెప్పేది ఆవిడ శ్రుతి శుద్ధి గురించే.

సరే జూక్‌బాక్స్ దగ్గరికి వస్తా. ఇది 2011 మే నెలలో మొదలైంది, మొదలైనప్పుడే పది వేలకు పైగా ప్లేట్లు పెట్టారు, ముఖ్యంగా విక్టర్ కంపెనీవి, 1901 నుంచి 1925 దాకా చేసినవి. వర్జీనియాలో కల్పెపర్ అనే ఊళ్ళో లైబ్రరీ వాళ్ళకి సినిమాలు, రికార్డులు దాచే పెద్ద కేంద్రం ఉంది, డిజిటైజ్ చేసే పని అక్కడ జరిగింది. నాకు అన్నింటికన్నా నచ్చింది ఏంటంటే ప్రతి పాట పేజీలోనూ దాని జాతకం ఉంటుంది, ఏ తారీఖున పాడారు, ఎవరెవరు పాడారు, ఎన్నో టేకు, ఎన్ని అంగుళాల ప్లేటు, మ్యాట్రిక్స్ నంబర్ (ఆ రికార్డింగ్‌కి కంపెనీ ఇచ్చిన నంబర్) ఎంత, అన్నీ. శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్ళు ఏళ్ళ తరబడి కూర్చి పెట్టిన డిస్కోగ్రఫీ, అంటే రికార్డుల పట్టిక, నుంచి వచ్చిన వివరాలు ఇవి. మన ఘంటసాల గారి ప్రైవేట్ పాటలకి, స్థానం వారి పద్యాలకి ఇలా తారీఖుతో సహా ఒక్కచోట దొరికితే ఎంత బాగుండు అని ప్రతి రాత్రీ అనుకుంటాను. మన ప్లేట్లు చాలా వరకు ఎవరో ఒక పెద్దాయన ఇంట్లో బీరువాలో ఉంటాయి, ఆయన మంచివాడైతే యూట్యూబ్‌లో పెడతాడు, లేకపోతే లేదు.

వెతికేటప్పుడు ఒక చిన్న మాట, పేరు ఇంగ్లీష్‌లో కొట్టాలి, సెంబ్రిక్ అన్నప్పుడు చివర కే కాదు, సీ హెచ్ వస్తుంది. పాటల పేర్లు ఇటాలియన్‌లో ఉంటాయి, ఒపేరా పేరు కొట్టి వెతికినా దొరుకుతాయి.

ఇంతకీ ఎవరీవిడ అంటారా, అసలు పేరు ప్రాక్సెడా మార్సెలీనా కొహాన్స్కా, సెంబ్రిక్ అనేది అమ్మ పుట్టింటి పేరు, స్టేజీ కోసం పెట్టుకున్నారు. పుట్టింది విష్నియెవ్‌చిక్ అనే పల్లెటూళ్ళో, అప్పట్లో అది ఆస్ట్రియా పాలనలో ఉన్న గలీషియా, ఇప్పుడు యుక్రెయిన్‌లో ఉంది. పోలెండ్ అనే దేశమే అప్పుడు మ్యాప్‌లో లేదు, మూడు రాజ్యాలు పంచేసుకున్నాయి, అయినా వీళ్ళు మేం పోలిష్ వాళ్ళం అని భాషనీ పాటనీ పట్టుకుని బతికారు. నాన్న ఊళ్ళో సంగీతం చెప్పుకుని బతికే మనిషి, ఆయనే ఈ పిల్లకి నాలుగేళ్ళకి పియానో, ఆరేళ్ళకి వయొలిన్ పట్టించాడు. ఊళ్ళల్లో పెద్దవాళ్ళ ఇళ్ళల్లో వేడుకలకి ఇంటిల్లిపాదీ వాయించేవాళ్ళు. అలా వాయిస్తుంటే ఒక పెద్దాయన విని, ఈ పిల్ల ఇక్కడ ఉండాల్సింది కాదని సాయం చేసి ల్వూవ్ (ఇప్పటి యుక్రెయిన్‌లోని ల్వివ్) సంగీత కళాశాలకి పంపించాడు. అక్కడ పియానో చెప్పిన మాస్టారు విల్హెల్మ్ స్టెంగెల్, తర్వాత ఆవిడ భర్త అయ్యారు, ఆయన పోయేదాకా, అంటే 1917 దాకా, ఆవిడ కచేరీలు, ప్రయాణాలు, అన్ని పనులూ ఆయనే చూసుకున్నారు.

నన్ను పట్టుకున్న సంఘటన మాత్రం తర్వాతది. పదహారేళ్ళప్పుడు వియన్నా వెళ్ళారు, పియానో విద్వాంసురాలు అవుదామని. అక్కడ ఫ్రాంజ్ లిస్ట్ ముందు కూర్చునే అవకాశం వచ్చింది, లిస్ట్ అంటే ఆ కాలంలో పియానోకి దేవుడు. పియానో వాయించారు, వయొలిన్ వాయించారు, తర్వాత పాడారు. మూడూ విని ఆయన చెప్పిన మాట ఒక్కటే, నువ్వు పాడు అని. పియానో మహారాజు పియానో వద్దన్నాడు, గొంతు పట్టుకోమన్నాడు.

ఇది చదివినప్పుడు నేను కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. తెనాలిలో మా మాస్టారి దగ్గర నేను గాత్రమూ వయొలినూ రెండూ నేర్చుకునేదాన్ని, వర్ణాల దాకా వచ్చాక ఆయన ఒకరోజు, అమ్మా రెండు పడవల మీద కాళ్ళు వద్దు, ఒకటి పట్టుకో అన్నారు. నేను గాత్రం అన్నాను, వయొలిన్ పెట్టె అటక మీదికి పోయింది, తర్వాత పెళ్ళి, ఉద్యోగం, గాత్రమూ పోయింది. సెంబ్రిక్ మాత్రం ఒకటి పట్టుకున్నా రెండోదాన్నీ మూడోదాన్నీ వదల్లేదు. మనవాళ్ళలో బాలమురళీకృష్ణ గారు గుర్తొస్తారు, పాడటమే కాదు వయోలా, మృదంగం, కంజీరా, ఏది పట్టుకున్నా విద్వాంసుడిలాగే వాయించారు కదా, అలాంటి మనిషి అని చెప్తే మన వాళ్ళకి వెంటనే అర్థమవుతుంది.

వియన్నాలో రోకితాన్స్కీ దగ్గర గాత్రం మొదలుపెట్టి, మిలాన్‌లో లాంపెర్తి దగ్గర సాధన చేసి, 1877లో పెళ్ళి చేసుకుని, ఆ ఏడే జూన్‌లో ఏథెన్స్‌లో మొదటిసారి స్టేజీ ఎక్కారు. పందొమ్మిదేళ్ళు. ఒపేరా బెల్లీనీ రాసిన ఇ పురితాని, పాత్ర ఎల్వీరా. తర్వాతి ఏడాది జర్మనీలో డ్రెస్డెన్, 1880లో లండన్ కోవెంట్ గార్డెన్ థియేటర్, అక్కడ దోనిజెత్తి రాసిన లూచియా ఒపేరాలో లూచియా పాత్ర. ఇవన్నీ గబగబా దాటేస్తున్నా, ఎందుకంటే న్యూయార్క్ దగ్గర ఆగాలి.

1883లో న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ ఒపేరా (అందరూ మెట్ అంటారు) థియేటర్ కొత్తగా కట్టారు. అక్టోబర్ 22న ప్రారంభం, ఆ రోజు ఫౌస్ట్ అనే ఒపేరా. రెండో ప్రదర్శన అక్టోబర్ 24న, లూచియా, అందులో సెంబ్రిక్. అంటే ఆ థియేటర్ చరిత్రలో రెండో రాత్రి నుంచే ఆవిడ ఉన్నారన్నమాట. ఆ సీజన్ నడిపిన హెన్రీ ఆబీ అనే మేనేజర్ ఖర్చులు విపరీతంగా పెట్టి పూర్తిగా నష్టపోయాడు. సీజన్ చివర్లో, 1884 ఏప్రిల్ 21న, ఆయన్ని ఆదుకోవడానికి ఒక ప్రోగ్రాం పెట్టారు, అందులో సెంబ్రిక్ పాడటంతో ఆగలేదు, వయొలిన్ తీసుకుని డి బెరియో కాన్‌చెర్టో వాయించారు, తర్వాత పియానో ముందు కూర్చుని షోపాన్ మజూర్కా వాయించారు. లిస్ట్ ముందు మూసిన గదిలో జరిగింది ఇప్పుడు వేల మంది ముందు జరిగింది. ఒక్క టికెట్ మీద ముగ్గురు విద్వాంసులు, అదీ డబ్బు పోగొట్టుకున్న మనిషికి సాయం కోసం. ఆ రాత్రి హాల్లో వెనక బెంచీలో నిలబడే చోటైనా దొరికి ఉంటే చాలనిపిస్తుంది నాకు.

నష్టం వచ్చింది కాబట్టి మెట్ వాళ్ళు తర్వాతి ఏడాది నుంచి జర్మన్ ఒపేరాలు పెట్టుకున్నారు, ఆవిడ యూరప్ వెళ్ళిపోయారు, మళ్ళీ 1898లోనే తిరిగొచ్చారు. వచ్చాక ఇక 1909 దాకా ఆవిడ కాలమే, మొత్తం మెట్‌లో 450కి పైగా ప్రదర్శనలు. మోజార్ట్ మ్యాజిక్ ఫ్లూట్‌లో రాత్రి రాణి దగ్గర్నుంచి పుచ్చీని లా బొహేమ్‌లో మిమీ దాకా పాడారు. పదెరెవ్‌స్కీ అని పోలిష్ పియానిస్టు, తర్వాత ఆ దేశ ప్రధాని కూడా అయ్యాడు, ఆయన రాసిన మన్రూ అనే ఒపేరా 1902 ఫిబ్రవరిలో మెట్‌లో వేస్తే అందులో నాయిక ఉలానా ఈవిడే. 1903 నవంబర్ 23న ఎన్రికో కరూసో అనే ఇటలీ కుర్రాడు మెట్‌లో మొదటిసారి పాడాడు, ఒపేరా రిగొలెత్తో, పక్కన గిల్డాగా పాడింది సెంబ్రిక్.

ఇంతలోనే ఇంకోటి చెప్పాలి. 1906 ఏప్రిల్‌లో మెట్ కంపెనీ శాన్ ఫ్రాన్సిస్కో టూర్‌లో ఉండగా ఆ పెద్ద భూకంపం వచ్చింది, తర్వాత మంటలు. కంపెనీ సామాను కాలిపోయింది, ఈవిడ కాస్ట్యూమ్స్ కూడా పోయాయి. తిరిగొచ్చాక తన నగల గురించో బట్టల గురించో కూర్చోకుండా, వాయిద్యాలు పోగొట్టుకున్న ఆర్కెస్ట్రా వాళ్ళ కోసం, కోరస్ వాళ్ళ కోసం కచేరీ చేసి డబ్బు పోగేసి పంచారు. వయొలిన్ పట్టుకున్న మనిషికే తెలుస్తుంది కదా, వాయిద్యం పోతే వాయించేవాడికి ఏం పోతుందో.

ఇప్పుడు ప్లేట్ల సంగతి. ఆవిడ మొదటిసారి రికార్డింగ్‌కి వెళ్ళింది 1903లో, కొలంబియా అనే రికార్డు కంపెనీ వాళ్ళకి మూడు పాటలు, తర్వాత 1904 నుంచి విక్టర్ వాళ్ళకి చాలా. ఒక్క ఏడాది ముందు, 1902 నవంబర్‌లో, కలకత్తాలో హోటల్ గదిలో హిందుస్తానీ గాయని గౌహర్ జాన్ గ్రామఫోన్ బూరా ముందు నిలబడి పాడి, చివర్లో తన పేరు తనే గట్టిగా చెప్పారు, అది చాలామంది వినే ఉంటారు. రెండు ఖండాల్లో ఇద్దరు ఆడవాళ్ళు దాదాపు ఒకే కాలంలో అదే బూరా ముందు. తేడా ఏంటంటే గౌహర్ జాన్ అప్పటికి ముప్ఫైల్లోకి అడుగుపెట్టలేదు, సెంబ్రిక్‌కి నలభై అయిదు. పాతికేళ్ళు స్టేజీ మీద పాడి పాడి వచ్చిన గొంతు అది. ఈ ప్లేట్లు వినేటప్పుడు ఆ సంగతి మనసులో పెట్టుకోవాలి, మనం వినేది ఏథెన్స్‌లో పాడిన పందొమ్మిదేళ్ళ అమ్మాయిని కాదు.

పైగా మైక్ లేదు. 1925 దాకా రికార్డింగ్ అంటే పెద్ద బూరా, దాని చివర పలచటి పొర, పొరకి సూది, సూది మైనం మీద గీత గీస్తుంది, కరెంటు పనే లేదు. పై స్వరం గట్టిగా పాడితే సూది అదిరి గీత పాడవుతుంది, అందుకని పాడేవాళ్ళు తారస్థాయికి వెళ్ళేటప్పుడు వెనక్కి జరగాలి, కిందికి వచ్చేటప్పుడు ముందుకి రావాలి. ఆడవాళ్ళ సన్నని పై గొంతు ఈ బూరాకి అస్సలు సరిగా పట్టేది కాదు, అందులో ఉండే మెరుపు సగం పోయేది. పన్నెండు అంగుళాల ప్లేటు మీద నాలుగు నిమిషాలు, కాస్త అటూ ఇటూ, అంతకన్నా పట్టదు. దాంతో పెద్ద పాటలన్నీ కత్తిరించి పాడారు. మన రాగం తానం పల్లవిని మూడున్నర నిమిషాల్లో పాడమన్నట్టు అనుకోండి, మన విద్వాంసులూ ఆ రోజుల్లో అలాగే పాడారు కదా ప్లేట్ల కోసం.

విన్న పాటల్లో నాకు నచ్చినవి చెప్తాను, వరసలో కాదు, గుర్తొచ్చినట్టు.

ఇ పురితాని నుంచి క్వీ లా వోచె. ఆవిడ జీవితంలో మొదటి ఒపేరా ఇదే కాబట్టి నేను మొదట ఇదే విన్నాను. పెళ్ళి పీటల దగ్గర ప్రియుడు వెళ్ళిపోయాడని మతి తప్పిన అమ్మాయి పాట. నెమ్మదిగా మొదలవుతుంది, విలంబంలో, ఒక్కో స్వరం నుంచి ఇంకో స్వరానికి ఆవిడ జారే తీరు చూడండి, అది వయొలిన్ జారు. పియానో వాయించేవాళ్ళకి స్వరానికీ స్వరానికీ మధ్య గోడ ఉంటుంది, వయొలిన్ వాయించేవాళ్ళకి దారి ఉంటుంది. ఈవిడ గొంతులో ఆ దారి వినిపిస్తుంది. నేను పదిసార్లు వెనక్కి జరిపి విన్నా ఆ ఒక్క చోట. ప్లేట్ల మీద ఆవిడ గొంతు ఒక్కటే మిగిలింది, వయొలిన్ మిగల్లేదు అని బాధపడేదాన్ని, ఇది విన్నాక ఆ బాధ సగం తగ్గింది.

లూచియా మ్యాడ్ సీన్, అంటే మతి తప్పిన నాయిక పాడే ఘట్టం, చాలామందికి ఇదే ఫేమస్. నిజాయితీగా చెప్పాలంటే నాకు కత్తిరింపుల వల్ల కాస్త తొందర తొందరగా అనిపించింది, భావం నిలబడేలోపే అయిపోతుంది. బృగాలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి, ఒక్కటి కూడా పక్కదానికి అతుక్కోదు. మన దగ్గర జంటస్వరాలు మూడు కాలాల్లో సాధన చేయిస్తారే, ఆ సాధన ఈవిడ ఎన్ని వేల గంటలు చేసి ఉంటారో అనిపిస్తుంది. లా సొన్నాంబులా నుంచి ఆ నాన్ జూంజె కూడా అలాంటిదే కానీ అది సంతోషం పాట, నిద్రలో నడిచే అమ్మాయి మీద పడిన నింద తీరిపోయి మేలుకున్నప్పటి పాట, ఉదయం వింటే రోజంతా బాగుంటుంది.

మోజార్ట్ ఫిగరో నుంచి దే వియెని నాన్ తార్దార్, ఇది బృగాలు లేని పాట, రాత్రి తోటలో సుసన్నా పాడేది, గొప్పలు చూపించడానికి ఏమీ ఉండదు, శ్రుతీ ఊపిరీ తప్ప. సెంబ్రిక్ ఎవరో తెలియాలంటే నా ఉద్దేశంలో ఇది వినాలి. చాలా మంది పాత గాయకుల ప్లేట్లలో స్వరం మీద వాలేటప్పుడు కింద నుంచి ఎక్కడం వినిపిస్తుంది, ఈవిడ స్వరం నడినెత్తి మీద నిలబడుతుంది. తంబూరా యాప్ పెట్టి చూశాను దీనికి కూడా, ఆపే ప్రతి చోటా తంబూరాతో కలిసిపోయింది, నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

యోహాన్ స్ట్రాస్ వోచీ ది ప్రిమావేరా, వసంతం పాట, వాల్ట్‌జ్. పిల్లలకి వినిపించాలంటే ఇది పెట్టండి. నోర్మా నుంచి కాస్తా దీవా కూడా ఉంది, అది పెద్ద గొంతు కోసం రాసిన పాట, ఈవిడది తేలిక గొంతు, నాకు అంతగా పట్టలేదు, మీకు వేరేలా అనిపించచ్చు.

ఇక సెక్స్‌టెట్. 1908 ఫిబ్రవరి 7న రికార్డు చేశారు, లూచియాలో ఆరుగురు కలిసి పాడేది, కరూసో, సెంబ్రిక్, స్కోత్తి, జూర్నే, సెవెరీనా, దాద్ది. ఈ ఒక్క ప్లేటు, అదీ ఒకవైపే పాట ఉన్నది, ఏడు డాలర్లకి అమ్మారు, 1908లో ఏడు డాలర్లంటే మామూలు విషయం కాదు, అయినా జనం ఎగబడి కొన్నారు. సీన్ ఏంటంటే అన్న బలవంతం మీద లూచియా వేరేవాడితో పెళ్ళి కాగితం మీద సంతకం పెట్టేసింది, సిరా ఆరకముందే ప్రియుడు లోపలికొచ్చేశాడు, అందరూ కొయ్యబారిపోయి ఎవరి గుండెలోది వాళ్ళు పాడుకుంటారు. ఆరుగురినీ ఒక్క బూరా ముందు ఎలా నిలబెట్టారో తలుచుకుంటేనే ఆశ్చర్యం, ఒకరి భుజాలు ఒకరు రాసుకుంటూ పాడి ఉండాలి. మొదట కరూసో, స్కోత్తి మొదలుపెడతారు, తర్వాత వీళ్ళందరి మీదుగా సెంబ్రిక్ గొంతు లేస్తుంది చూడండి, వంట గదిలో నుంచి విన్నా పోల్చుకోవచ్చు. ఆ రోజుకి ఆవిడకి యాభై నిండటానికి సరిగ్గా ఎనిమిది రోజులుంది.

ఆ తర్వాతి ఏడాది 1909 ఫిబ్రవరి 6న మెట్‌లో ఆవిడకి వీడ్కోలు సభ పెట్టారు, మూడు ఒపేరాల నుంచి ఒక్కో అంకం పాడారు, కరూసో, గాయని ఫరార్ అందరూ వచ్చారు. గొంతు ఇంకా బాగున్నప్పుడే ఒపేరా మానేశారు, కచేరీలు మాత్రం ఇంకొన్నేళ్ళు చేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోలెండ్ ఆకలితో అల్లాడుతుంటే న్యూయార్క్‌లో పోలిష్ సహాయ కమిటీకి అధ్యక్షురాలిగా ఉండి విరాళాలు పోగు చేశారు. తర్వాత 1924 నుంచి ఫిలడెల్ఫియాలో కర్టిస్, న్యూయార్క్‌లో జూలియార్డ్ అనే సంగీత విద్యాలయాల్లో గాత్రం చెప్పారు.

ఇక్కడ జూక్‌బాక్స్‌లో ఒక మంచి పని చేయొచ్చు. ఈవిడ శిష్యురాలు అల్మా గ్లక్ అని ఒకావిడ ఉన్నారు, ఆవిడ కూడా విక్టర్‌కి చాలా ప్లేట్లు పాడారు, అవీ ఇందులో ఉన్నాయి. గురువు పాట ఒకటి, శిష్యురాలి పాట ఒకటి పక్కపక్కన పెట్టి వినండి. గొంతులు వేరు, గ్లక్ గొంతు ఇంకా మెత్తన, కానీ ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, మాట ఎలా పలకాలి అనే దగ్గర గురువు కనిపిస్తారు. మన దగ్గర పాఠాంతరం అంటాం కదా అదే.

న్యూజెర్సీ, ఆల్బనీ వైపు ఉన్న మనవాళ్ళకి ఒక మాట, మీరు ఎలాగూ ఎండాకాలంలో లేక్ జార్జ్‌కి వెళ్తారు, బోటింగ్ చేసి, పులిహోర డబ్బాలు ఖాళీ చేసి వచ్చేస్తారు. ఈసారి ఒడ్డునే ఉన్న బోల్టన్ ల్యాండింగ్‌లో ఒక గంట ఆగండి. సెంబ్రిక్ వేసవిలో శిష్యులకి పాఠాలు చెప్పిన స్టూడియోని 1937 నుంచి మ్యూజియంగా ఉంచారు, ఆవిడ కాస్ట్యూమ్స్, ఫొటోలు, సామాన్లు అక్కడే ఉన్నాయి. వేసవిలోనే తెరుస్తారు కాబట్టి టైమింగ్స్ చూసుకుని వెళ్ళండి. మా ఆడపడుచు వాళ్ళు ఆల్బనీలోనే ఉన్నారు, వచ్చే ఏడాది మా ప్రయాణంలో మొదటి మజిలీ నాకు అదే.

కొత్తగా వినేవాళ్ళకి నా అనుభవం కొద్దీ రెండు మూడు మాటలు. మొదటి నిమిషం మీకు గరగర తప్ప ఏమీ వినపడదు, ఇసుకలో వేరుశనక్కాయలు వేయిస్తున్నట్టు ఉంటుంది, మానేయకండి. చెవి అలవాటు పడటానికి రెండు పాటలు పడుతుంది, తర్వాత గరగర వెనక్కి పోయి గొంతు ముందుకొస్తుంది, నాకు మూడో రోజుకి గరగర ఉందన్న సంగతే గుర్తులేదు. బాస్ కొట్టే ఇయర్‌ఫోన్లు వద్దు, ఫోన్ స్పీకరే మేలు, అదీ కాస్త దూరంగా పెట్టి. రాత్రి ఫ్యాన్ చప్పుడు కూడా తగ్గాక అయితే మరీ మంచిది. ఒకేసారి పది వినకండి, రోజుకి రెండు, ఒపేరా కథ ముందు రెండు ముక్కలు చదువుకుని. ఇంకా ముందుకెళ్ళాలనుకుంటే మేపుల్సన్ సిలిండర్లు అని వెతకండి, మెట్‌లో లైబ్రేరియన్‌గా పనిచేసిన మేపుల్సన్ 1901 నుంచి 1903 దాకా నిజమైన ప్రదర్శనలు జరుగుతుండగానే చిన్న ఫోనోగ్రాఫ్ పెట్టి పట్టుకున్న ముక్కలు అవి, సెంబ్రిక్ కూడా ఉన్నారు. సముద్రం అవతల ఎవరో పాడుతున్నంత దూరంగా వినిపిస్తుంది, కానీ చివర్లో చప్పట్లు వినపడతాయి, ఆ జనం చప్పట్లు, దానికి ఖరీదు కట్టలేం.

రేటింగ్ అడిగితే అయిదుకి అయిదు, ఇందులో ఆలోచించడానికేం లేదు. ఉచితం అని కాదు, ప్రతి ప్లేటుకీ తారీఖూ పేర్లూ రాసి పెట్టిన ఆ శ్రద్ధకి. ఇంకో విషయం, అమెరికా చట్టం మారి 2022 జనవరి 1 నుంచి 1923కి ముందు విడుదలైన రికార్డింగుల మీద అక్కడ కాపీరైట్ పోయింది, అంటే ఈ పాటలు ఇక అందరివీ.

చివరగా షోపాన్ పాట ఒకటి మిగిలింది, అమ్మాయి కోరిక అని అర్థం వచ్చే పేరు. నేను ఆకాశంలో సూర్యుణ్ణి అయితే నీకోసమే వెలుగుతా, అడవిలో పిట్టనైతే నీ కిటికీ కిందే పాడతా అని ఒక పల్లెటూరి పిల్ల పాట, మాటలు పోలిష్‌వి. కచేరీల చివర్లో జనం వదలకపోతే సెంబ్రిక్ పియానో ముందు తనే కూర్చుని, తనే వాయించుకుంటూ ఈ పాట పాడేవారట. మొన్న ఆదివారం మధ్యాహ్నం ఇదే పెట్టుకుని వింటుంటే మా మావయ్యగారు వరండాలో నుంచి లేచొచ్చారు. ఆయనకి ఎనభై రెండు, చిన్నప్పుడు పక్కూళ్ళకి నడిచెళ్ళి తెల్లార్లూ పద్య నాటకాలు చూసొచ్చిన మనిషి, ఇంగ్లీష్ పాటలంటే విసుక్కుంటారు. ఒక్క మాట మాట్లాడకుండా చివరిదాకా నిలబడి విన్నారు. ఎవరమ్మా ఈవిడ అన్నారు, చెప్పాను, పల్లెటూళ్ళో పుట్టడం, వయొలిన్, లిస్ట్, అన్నీ. అప్పట్నుంచి సాయంత్రం టీ గ్లాసు చేతికివ్వగానే, ఆ పోలెండ్ ఆవిడ పాట పెట్టమ్మా, పిట్ట పాట, అంటున్నారు.